ఊఁ కొట్టిన పాఠాలు

నేను చదివింది నాలుగో తరగతి వరకే. అయినా తోడేలు పాలు తాగిన కవల పిల్లలు ఏ ఊరు కట్టారో, ఒక్క ఎద్దు తోలుతో ఒక రాణి ఎంత నేల సంపాదించుకుందో, పాతకాలపు రోమువాళ్ళు ఉత్తరం చివర ఏ మాట రాసేవాళ్ళో నాకు తెలుసు. ఆ రోజుల్లో కర్నూలులో మా వీధి వీధంతా వెతికినా ఈ సంగతులు తెలిసిన ఆడమనిషి ఇంకొకరు దొరికేవాళ్ళు కాదు. ఇందులో నా గొప్పేమీ లేదు. మా ఆయనకు నత్తి ఉండబట్టి నాకు ఈ చదువు వచ్చింది.

ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పే అయ్యవారు. నత్తి ఉన్న మనిషి అయ్యవారెట్లా అయ్యాడని ఎవరైనా నవ్వితే నేను కోప్పడను. పెళ్ళయిన కొత్తలో నేనూ నవ్వాను. మాది జమ్మలమడుగు పక్కన ఒక పల్లె. మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే, పెన్న ఈ ఒడ్డున నిలబడి ఆ ఒడ్డువాళ్ళతో తీరిగ్గా మాట్లాడగల రకం. సంబంధం చూడటానికి వచ్చిన రోజు ఆయన ఒక్క మాటైనా మాట్లాడకపోతే మావాళ్ళు "పిల్లోడు శానా నెమ్మది" అని మురిసిపోయారు. నెమ్మదీ లేదు, పాడూ లేదు. నోరు విప్పితే బండారం బయటపడుతుందని భయం, అంతే.

"క" దగ్గర, "ప" దగ్గర ఆగిపోయేవాడు. తరగతిలో అట్లా ఆగితే పిల్లలే ఆ మాట పూర్తి చేసి బల్లలు చరిచేవాళ్ళట. ఈ సంగతి నాకు ఆయనే చెప్పాడు, పెళ్ళయిన రెండో నెలలో, అన్నం తింటూ, తల ఎత్తకుండా. నా నవ్వు ఆ రోజుతో పోయింది.

మరుసటి సాయంత్రం నేను జొన్నరొట్టెలు తడుతున్నాను. ఆయన వంటింటి గడప మీద కూర్చుని రేపటి పాఠం తనలో తాను చెప్పుకుంటున్నాడు. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నదాన్ని పిల్లలకు తెలుగులో విప్పి చెప్పాలి. ఆ విప్పడమే ఆయనకు గండం. నేను పిండి మీద కళ్ళు పెట్టుకుని, ఏ ఆలోచనా లేకుండా "ఊఁ" అన్నాను. మా పల్లెలో కథ చెప్పేవాళ్ళుంటే ఊఁ కొట్టేవాళ్ళు ఉండి తీరాలి. మనిషి ఊఁ కొట్టకపోతే చూరులో కూర్చున్న దయ్యం ఊఁ కొడుతుందని మా అవ్వ మమ్మల్ని బెదిరించేది. అందుకని ఎక్కడ కథలాంటిది వినిపించినా నా గొంతు దానంతట అదే పలికేది. ఆయన ఆగి నా వైపు చూశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. నేను మళ్ళీ "ఊఁ" అన్నాను. ఆ పూట ఆయన "క" దగ్గర ఆగలేదు.

ఎందుకట్లా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. నా ఊఁకీ ఆయన తర్వాతి మాటకీ మధ్య ఊపిరి తీసుకునేంత చోటు దొరికేదేమో. కారణం ఏదైతేనేం, అప్పటినుంచి పదిహేనేళ్ళపాటు పొయ్యి ముట్టించే వేళకు ఆయన గడప మీదికి చేరేవాడు. మాకు పిల్లలు కలగలేదు. సాయంత్రమైతే ఆ ఇంట్లో వినిపించే పేర్లన్నీ రెండు వేల ఏళ్ళ కిందట చచ్చిపోయినవాళ్ళవే.

మా వంటింటి నేల నల్లటి కడప బండ. ఆయన సుద్దముక్కతో దాని మీద దేశాలు గీసేవాడు. ఇటలీ దేశం బూటు ఆకారంలో ఉంటుంది. "బూటు యెట్లుంటాదో తెలుసుగదా నీకు, ఇనస్పెక్టరు యేసుకొంటాడే, అది" అనేవాడు. పొద్దున నేను నీళ్ళు చల్లి కడిగితే ఇటలీ కొట్టుకుపోయేది, సాయంత్రానికి మళ్ళీ వచ్చేది.

నేను ఊరికే ఊఁ కొట్టి ఊరుకునే మనిషిని కాదు. సముద్రం దాటి వచ్చిన ఒక రాణి, కొత్త దేశపు రాజును ఒక్క ఎద్దు తోలు పట్టినంత నేల ఇమ్మని అడిగింది, రాజు నవ్వి సరేనన్నాడు, ఆమె ఆ తోలును సన్నటి వారుగా చీల్చి ముడివేసి ఒక కొండనంతా చుట్టేసింది, అని ఆయన చెబితే నాకు ఏమంత గొప్పగా అనిపించలేదు. మా వైపు బావుల్లోంచి ఎద్దులతో నీళ్ళు తోడే తోలుబానను కపిలబాన అంటారు. దాన్ని కుట్టేవాళ్ళ పనితనం నేను చిన్నప్పటినుంచి చూశాను.

"ఇంతేనా? మా ఊర్లో కపిలబాన కుట్టేటాయన చేతికిచ్చింటే ఇంకా సన్నగా చీల్చి, కడప కాన్నుంచి కర్నూలు దాకా చుట్టేసుండు" అన్నాను.

ఇంకో రోజు కవల పిల్లల కథ. ఏట్లో వదిలేసిన పసివాళ్ళను తోడేలు పాలిచ్చి పెంచింది. పెద్దవాళ్ళై రోము నగరం కట్టుకునేటప్పుడు గోడ దగ్గర తగువు వచ్చి ఒకడు రెండోవాణ్ణి చంపేశాడు.

"చంపడా మరి? తాగిన పాలు యాడికి పోతాయి?"

ఇట్లా అన్నప్పుడల్లా ఆయన సుద్దముక్క పైకెత్తి "నోటా బెనే!" అనేవాడు. అది లాటిన్ మాట, బాగా గమనించు అని అర్థం. నాకైతే నోరు మూసుకుని విను అన్నట్టే వినిపించేది. ఇట్లాంటి మాటలు ఆయన దగ్గర కొన్ని ఉండేవి. ఒక రోము సేనాపతి యుద్ధం ముగించి "వేనీ, వీదీ, వీకీ" అని మూడే మాటల్లో కబురు పంపాడట. వచ్చాను, చూశాను, గెలిచాను అని. ఈ ముక్క నాకు బాగా పనికొచ్చింది. మా పెరటి బావి నీళ్ళు ఉప్పు, అంట్లు తోమడానికి తప్ప దేనికీ పనికిరావు. ఎండాకాలం తుంగభద్ర ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీటిని ముంతతో ముంచి బిందె నింపుకోవాలి. అక్కడ వంతు కోసం జరిగే యుద్ధాలు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేవు. ఇంటికొచ్చి బిందె దించి నేను "వేనీ, వీదీ, వీకీ" అంటే ఆయన కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వేవాడు. నవ్వుకు నత్తి అడ్డం రాదు. ఆ నవ్వు కోసం నేను ఇంకో బిందె తెమ్మన్నా తెచ్చేదాన్ని.

ఇంతసేపూ నేను చెప్పాల్సిన చోటికి రాకుండా చుట్టూ తిరుగుతున్నాను. వస్తాను.

పెళ్ళయిన ఏడెనిమిదేళ్ళకు ఒక ఇనస్పెక్టరు బడికి వచ్చి, చరిత్ర అయ్యవారి మాట స్పష్టంగా లేదని, వచ్చే తనిఖీ నాటికి బాగుపడకపోతే వేరే మనిషిని చూసుకోవాలని రాసి పోయాడు. ఆ ఏడాదంతా ఆయన సరిగ్గా తిన్నది లేదు. మళ్ళీ తనిఖీ మార్చి నెలలో పడింది. రేపు ఇనస్పెక్టరు వస్తాడనగా ఆయన ఆ సాయంత్రం మామూలుకంటే ముందే వచ్చి గడప మీద కూర్చున్నాడు. పుస్తకంలో లేని కథ ఒకటి చెప్పి పాఠం మొదలుపెడతానన్నాడు.

ఒకే ఊరి కోసం ఇద్దరు దేవుళ్ళు పోటీ పడ్డారు. ఊరికి ఎవరు మంచి కానుక ఇస్తే ఊరు వాళ్ళది. సముద్రపు దేవుడు తన శూలంతో బండను పొడిచాడు. బండ చీలి నీళ్ళు వచ్చాయి. తీరా చూస్తే అవి ఉప్పునీళ్ళు.

ఆ పొద్దు నేను నదికి రెండుసార్లు పోయి వచ్చాను. నడుము విరిగిపోతూ ఉంది. ఉప్పునీళ్ళ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది.

"మన బాయిలోనూ ఉప్పునీళ్ళేగదా. దానికి దేవుడెందుకు, శూలమెందుకు?" అన్నాను.

ఎప్పుడూ నోటా బెనే అనే మనిషి ఆ రోజు సుద్దముక్క విసిరికొట్టాడు. "నీకు అన్నీ ఎగతాళే. రేపు నా నౌకరీ పోతే అప్పుడు న... న... నవ్వుదువులే" అన్నాడు. "న" దగ్గర ఆగడం నేను అంతకుముందు వినలేదు.

"నౌకరీ మీదయితే నీళ్ళు మోసేది నేను. ఒకపూట మీరు పోయి చెలమకాడ నిలబడండి, తెలుస్తాది" అని నేనూ అనేసి పెరట్లోకి వెళ్ళిపోయాను.

కాసేపటికి ఆయన లోపల మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. పిలవలేదు, బతిమాలలేదు. ఊరికే చెబుతూ, నా ఊఁ కోసం ఆగుతున్నాడు. నాకు కోపం తగ్గలేదు. అయినా రేపు ఆయన తలవంచుకుని రావడం కూడా నాకు ఇష్టం లేదు. పెరట్లో కూర్చుని తెచ్చిన నీళ్ళను గుడ్డలో వడగట్టుకుంటూ, ఆయన గొంతు ఆగినప్పుడల్లా "ఊఁ" అన్నాను. ఒక్క ముక్క కూడా వినలేదు. చెలమ దగ్గర నన్ను తోసి నా బిందె దొర్లించిన మనిషిని రేపు ఏమనాలో ఆలోచించుకుంటూ ఊఁ కొట్టాను. లోపలినుంచి పాఠం ఎక్కడా తట్టుకోకుండా సాగింది. అయిపోయాక ఆయన పెరటి గుమ్మంలోకి వచ్చాడు.

"విన్నావా?"

"ఊఁ, విన్నా."

"యెట్లుండాది?"

"బాగుండాది."

మరుసటి సాయంత్రం ఆయన మల్లెపూలు తెచ్చాడు. ఇనస్పెక్టరు శానా మెచ్చుకున్నాడని, ఇంక నౌకరీకి దిగుల్లేదని చెప్పాడు. అంతా నీ ఊఁ మహిమ అన్నాడు. ఆ కథలో రెండో దేవుడు ఏమిచ్చాడో, ఊరు ఎవరికి దక్కిందో నేను అడగలేదు. అడిగితే వినలేదని తెలిసిపోతుంది. తర్వాత ఎప్పుడైనా మాటల్లో రాబడదామనుకున్నాను. తర్వాత ఇంకో పాఠం వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. నేనూ మరిచిపోయాను.

యుద్ధం వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, పటాలంలో రాతకోతల పనికి చదువుకున్నవాళ్ళు కావాలన్నారు. ఆయన పేరు ఇచ్చి వచ్చి అప్పుడు నాకు చెప్పాడు. నేను పళ్ళెం ఎత్తేసి పొయ్యి ఆర్పేశాను.

"పదైదేండ్లు చూడని ఊర్లను చూసినట్టు చెప్తి. ఒకసారి చూసొస్తా" అన్నాడు ఆయన. "చూసొచ్చి నీకు అన్నీ మళ్ళీ మొదట్నుంచి చెప్తా. నువ్వు ఊఁ కొట్టాల."

ఆ ముఖం చూశాక నేను వద్దనలేకపోయాను. అనాల్సింది. ఇప్పుడనుకుని ఏం లాభం.

స్టేషన్లో రైలెక్కి కిటికీలోంచి "యాడికి పంపిస్తారని అడగవా?" అన్నాడు. బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదని మా ఇంట్లో కట్టడి. అడిగితే పని చెడుతుంది. పదిహేనేళ్ళలో ఆయన గుమ్మం దాటుతుంటే నేను ఎన్నడూ ఆ మాట అనలేదు. "అడగను. జాగ్రత్తగా పోయిరాండి" అన్నాను. రైలు కదిలింది.

అడగకూడదనే కట్టడి పటాలానికీ ఉందని తర్వాత తెలిసింది. ఆయన మొదటి ఉత్తరంలో ఊరి పేర్లున్న చోటల్లా నల్లసిరా పూసి పంపారు. ఎవరో ఉత్తరాలన్నీ చదివి, ఎక్కడున్నదీ తెలియకుండా కొట్టివేస్తారట. రెండో ఉత్తరంలో సిరా మరక ఒక్కటి కూడా లేదు. క్షేమం, తిండి బాగానే ఉంది, ఎండ మన ఎండ మాదిరే ఉంది అని రాసి, కింద ఒక వాక్యం రాశాడు. "నోటా బెనే: నిన్న ఎద్దు తోలు రాణిని తలుచుకొన్నా. కపిలబాన కుట్టేటాయన ఉంటే బాగుండు అనుకొన్నా."

ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. ఆయన వదిలిపెట్టిన సుద్దముక్క గూట్లోనే ఉంది. నల్లబండ మీద బూటు గీశాను. బూటు కింద సముద్రం, సముద్రం అవతలి ఒడ్డున ఆ రాణి చుట్టుకున్న కొండ. అక్కడ ఒక చింతగింజ పెట్టాను. ఆయన అక్కడున్నాడు. సిరా పూసేవాళ్ళకు దొరకని సంగతి నాకు దొరికింది. ఆ రోజు నా సంతోషం ఎవరికి చెబితే అర్థమవుతుంది?

ఆ మూల నేను కడగడం మానేశాను. కొన్ని నెలలకు ఇంకో ఉత్తరం వచ్చింది. "నోటా బెనే: బూడిద కింద నిద్రపోయిన ఊరు చూసినా. రొట్టెలు పొయ్యిలోనే ఉండిపోయిన ఊరు." కొండ నిప్పులు కక్కితే ఒక పట్టణం పట్టణమంతా బూడిదలో కూరుకుపోయిందని చెప్పిన రోజు నా రొట్టె మాడింది, నాకు బాగా గుర్తు. చింతగింజను సముద్రం దాటించి బూటు చీలమండ మీద పెట్టాను. వానలు పడ్డాక మరొకటి. "నోటా బెనే: తోడేలు పాలు తాగినోళ్ళ ఊర్లో రెండు దినాలు ఉంటి. శానా పెద్ద ఊరు. నా కండ్లతో చూసినా." గింజను పిక్క దాకా జరిపాను. ప్రతి ఉత్తరం చివరా "వాలే" అని ఉండేది. పాతకాలపు రోమువాళ్ళు సెలవు తీసుకుంటూ రాసుకునే మాట అది. బాగుండు అని అర్థం.

వీధిలో వాళ్ళు "మీ ఆయన యాడుండాడమ్మా?" అని అడిగితే "మాకెట్లా తెలుస్తాది, రాయనియ్యరంట గదా" అనేదాన్ని. తెలుసని చెబితే ఆయనకు ముప్పేమోనని భయం. అదీగాక, ఆ సంగతి మా ఇద్దరిదే అయి ఉండాలని నాకు ఉండేది. నిజం చెప్పాలంటే, ఆ ఏడాది నాకు ఆయన మీద ఉన్నంత ప్రేమ పక్కన ఉన్నప్పుడు కూడా లేదు.

తంతి చలికాలంలో వచ్చింది. తెచ్చిన తపాలా బంట్రోతే చదివి చెప్పాడు. మా ఆయన జ్వరంతో ఆసుపత్రిలో పోయాడట. ఏ ఊళ్ళో అని అడిగాను. కాగితం రెండువైపులా తిప్పి చూసి, "అదేం రాయలేదమ్మా, విదేశంలో అని మాత్రం ఉండాది" అన్నాడు.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. తంతి కంటే ముందు బయలుదేరి, తంతి కంటే వెనక వచ్చింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అప్పటికే జ్వరం ఉందేమో.

"నోటా బెనే: ఇనస్పెక్టరు వచ్చే ముందురోజు చెప్పిన పాఠం గుర్తుందిగదా. మనం కొట్లాడిన రోజు. ఆ ఊర్లో ఉండా. రెండో దేవత ఇచ్చిన కానుక ఇంకా ఉండాది. దాని నీడన కూచోని రాస్తాండా. నువ్వు విన్నావు గాబట్టి ఇంతకన్నా చెప్పేది లేదు. వాలే."

చింతగింజ చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయన నమ్మి రాశాడు. నేను విన్నానని నమ్మి రాశాడు.

ఎవరినైనా అడగొచ్చు కదా అంటారు. ఆయన స్థానంలో వచ్చిన కొత్త అయ్యవారికి కబురు పంపి, ఇద్దరు దేవుళ్ళు ఒక ఊరికోసం పోటీపడిన కథ ఏదని అడిగించాను. పుస్తకంలో రాజులూ యుద్ధాలూ తప్ప అట్లాంటి కథలు లేవని, మొగుడు పోయిన దిగులులో అమ్మకు ఏవేవో తోస్తున్నాయేమోనని ఆయన తిరుగు కబురు పంపాడు. ఆ తర్వాత ఇంకొకరిని అడగడానికి మొహం చెల్లలేదు. అడిగితే ఎందుకని అంటారు. ఎందుకో చెప్పాలంటే ఆ రోజు పెరట్లో కూర్చుని కొట్టిన దొంగ ఊఁ సంగతి చెప్పాలి.

మిగతా కథ నేనే కట్టుకోవాలని చూశాను. నీడ అన్నాడు కాబట్టి మండపమా, గుడా, గుహా? సీమ మనిషిని, నాకు ముందుగా తోచింది నీళ్ళే. ఒక దేవుడు ఉప్పునీళ్ళిస్తే రెండో దేవత తియ్యటి నీళ్ళే ఇచ్చి ఉండాలి. మరి నీళ్ళకు నీడ ఎక్కడిది? చెలమ దగ్గర కూర్చుని ఇదే ఆలోచన. బిందె నిండి పొర్లిపోతున్నా ముంత ఆపేదాన్ని కాదని పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ ఊరు తెలియనంతకాలం, ఆయన ఎక్కడో దారి తప్పి తిరుగుతున్నట్టు ఉండేది నాకు.

రెండేళ్ళు గడిచాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, సీతాఫలాల కాలంలో, ఒకతను బుట్ట నిండా సీతాఫలాలు తీసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఉండొచ్చు. తోలు వ్యాపారం చేసే ముస్లిముల ఇంటి పిల్లవాడు, ఆయన దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు కోయిలకుంట్లలో బట్టల అంగడి పెట్టుకున్నాడట. అయ్యవారు పోయిన సంగతి అతనికి ఆ వారమే తెలిసింది.

"మా వాపది, అదే మా నాయనది, తోళ్ళ మండీ అమ్మా. బడిలో అందురూ ముక్కు మూసుకొంటాండ్రి నేను పక్కన కూచుంటే. ఎద్దు తోలు రాణి పాఠం చెప్పినంక ఎవురూ మూసుకోలే" అన్నాడు. "కపిలబాన కుట్టేటాయనకిచ్చింటే కడప కాన్నుంచి కర్నూలు దాకా చుట్టేసుండు అని అయ్యవారు అంటే తరగతి తరగతంతా నవ్విందమ్మా" అన్నాడు.

"ఆ మాట ఆయన అన్నాడా?"

"అయ్యవారిది కాదు లెండి. 'మా ఇంట్లో ఒకరు అన్నారు' అని చెప్తాండె. ప్రతి పాఠంలోనూ ఇంట్లో ఒకరు ఏదో ఒకటి అంటారమ్మా. మేము దానికోసమే కాసుకోనుంటిమి. అవి మీ మాటలే గదా?"

నేను ఎగతాళి చేశాననుకున్న మాటలన్నీ ఆయన జేబులో వేసుకుని బడికి తీసుకుపోయాడు. పదిహేనేళ్ళు నాతో ఒక్కసారి కూడా చెప్పలేదు. నోటా బెనే అని సుద్దముక్క ఎత్తిన మనిషి, తానే బాగా గమనించి పెట్టుకున్నాడు.

అతన్ని కూర్చోబెట్టి, అంతవరకూ ఎవరికీ చెప్పనిది చెప్పాను. ఉత్తరం చూపించాను. ఇనస్పెక్టరు వచ్చిన రోజు నువ్వు తరగతిలో ఉన్నావా నాయనా అని అడిగాను.

"ఉంటి. ముందు బల్ల."

"అయితే ఆ పాఠం చెప్పు."

అతను గొంతు సవరించుకుని, అయ్యవారు ఎట్లా చెప్పాడో అట్లాగే మొదలుపెట్టాడు. "ఒకే ఊరికోసం ఇద్దరు దేవుండ్లు పోటీపడినారు" అని ఆగాడు. నా వైపు చూశాడు. ఎందుకాగాడో నాకు అర్థం కాలేదు.

"ఊఁ కొట్టాలమ్మా. అయ్యవారు మాకు అట్లే నేర్పిచ్చినాడు. అందురూ కలిసి ఊఁ అంటేనే ముందుకు పోతాడు. ఆ దినం ఇనస్పెక్టరు కూడా కొట్టినాడు."

"ఊఁ" అన్నాను.

"సముద్రపు దేవుడు శూలంతో బండను పొడిస్తే ఉప్పునీళ్ళు వచ్చినాయి. మా ఇంట్లో ఒకరు అడిగినారు, మన బాయిలోనూ ఉప్పునీళ్ళేగదా, దానికి దేవుడెందుకు, శూలమెందుకు అని. ఇనస్పెక్టరు పకపకా నవ్వినాడమ్మా. అయ్యవారన్నాడు, ఆ ఊరోళ్ళు కూడా ఇదే మాట అడిగినారు, తెలివైనోళ్ళు గాబట్టి."

"ఊఁ."

"అప్పుడు ఎథీనా అనే దేవత ఒక చెట్టు నాటింది. ఆలివ్ చెట్టు. నీళ్ళు పోసే పనిలే, రాళ్ళలో బతుకుతాది, వాన లేకున్నా వందల ఏండ్లు కాస్తాది, నూనెనిస్తాది, నీడనిస్తాది. ఊరోళ్ళు చెట్టునే ఎంచుకొన్నారు. ఆమె పేరే ఊరికి పెట్టుకొన్నారు, ఏథెన్స్ అని. ఆ దేశం కూడా మన సీమ మాదిరేనంట, కొండలు, ఎండ, బండ నేల. అందుకే వాళ్ళకు చెట్టు విలువ తెలిసిందని అయ్యవారు చెప్పినాడు."

"ఊఁ."

"గ్రీసు దేశమమ్మా అది. మేము యునాన్ అంటాం. మీ వీధి చివర హకీము సాయిబు ఇస్తాడే యునానీ మందు, ఆ వైద్యం పుట్టింది ఆడనే."

జ్వరం వచ్చినప్పుడల్లా ఆయనకు నేను ఆ హకీము దగ్గరనుంచే కషాయం తెచ్చేదాన్ని. ఆ దేశానికే పోయి జ్వరంతో పోయాడు.

నేను అడిగితే అతను సుద్దముక్క తీసుకుని, వంటింట్లో బూటుకు కుడివైపు సముద్రం అవతల, అంచులన్నీ చిరిగిన ఆకులాంటి దేశం ఒకటి గీశాడు. కింది భాగంలో ఒక చుక్క పెట్టాడు. నేను గూట్లోంచి చింతగింజ తీసి ఆ చుక్క మీద పెట్టాను. ఆయన ఒక చెట్టు నీడన కూర్చుని ఉన్నాడు. మన నేలలాంటి నేల మీద. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఆ పిల్లవాడు తల పక్కకు తిప్పుకుని, నేను తేరుకున్నాక సెలవు తీసుకున్నాడు.

పొయ్యి ముట్టించే వేళయింది. ముట్టించలేదు. ఆయన కూర్చునే గడప మీద కూర్చుని, ఆ పాఠం మొదటినుంచి పైకే చెప్పడం మొదలుపెట్టాను. ఒకే ఊరికోసం ఇద్దరు దేవుళ్ళు పోటీ పడ్డారు అన్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. మా అవ్వ చెప్పిన మాట నిజమైతే బాగుండునని, ప్రతి వాక్యం తర్వాత చూరు వైపు చూస్తూ కాసేపు ఆగాను.